ఇంటిగుట్టు ఎవరి సొత్తు?

మన భాషలో కొన్ని సామెతలు తీర్పుల వంటివి. వాదప్రతివాదాలు వినకముందే వెలువడిన తీర్పులు. “ఇంటిగుట్టు లంకకు చేటు” అన్నది వాటిలో ఒకటి. విభీషణుడు లోపలి సంగతి బయట చెప్పాడు, లంక కూలిపోయింది, కనుక లోపలి సంగతి బయట చెప్పరాదు. ఇంతే దాని తర్కం. రావణుడు సీతను ఎత్తుకొని రావడంవల్ల లంకకు చేటు మూడిందన్న సంగతిని సామెత తలపెట్టదు. ఆ మధ్య ఒకనాడు పదవ తరగతి పిల్లలకు ఈ సామెతను వివరిస్తూ ఉండగా వెనుక వరుసలోని ఒక బాలిక లేచి నిలబడి, “సార్, ఈ సామెత పుట్టించినవాళ్లు లంకలో ఉన్నవాళ్లా, సముద్రానికి ఇవతల ఉన్నవాళ్లా?” అని అడిగింది. ఎన్నో ఏళ్లుగా బోధిస్తూ వచ్చిన సామెత అది. అయినా ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తోచలేదు. “రేపు చెబుతానమ్మా” అని, గంట కొట్టేదాకా ఏదో చెప్పి కాలక్షేపం చేశాను.

ఆ బాలిక ప్రశ్న పుస్తకంలోనుంచి పుట్టినది కాదు. మా బడి సుల్తాన్‌పూరుకు దాపున ఉన్నది. సంగారెడ్డి జిల్లాలో ఈ పేరుతో రెండు ఊళ్లున్నందువల్ల కొత్తవారు తరచు పొరబడుతుంటారు. జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగు కళాశాల ఉన్న సుల్తాన్‌పూరు పుల్కల్ వైపుది. మాది అమీన్‌పూరు మండలంలో, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్నది. 2017లో ఇక్కడ వైద్యపరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. గుండె నాళాలలో అమర్చే స్టెంట్లు మొదలైనవి ఇప్పుడు ఇక్కడ తయారవుతున్నాయి. చుట్టూ పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. ఎటు పోయినా మందుల కర్మాగారమో, రసాయనాల కర్మాగారమో. మా పిల్లల ఇళ్లలో ఏదో ఒక ప్రహరీగోడ లోపల పనిచేసేవారు ఒక్కరైనా ఉంటారు. ప్రశ్న వేసిన పిల్ల అన్న ఒక మందుల కర్మాగారంలో, సరుకు నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగి. లోపల చూసినది బయట చెప్పనని, చేరిన నాడే కాగితం మీద సంతకం పెట్టాడట. సామెతలోని ఇల్లు ఆ పిల్లకు అలంకారం కాదు.

ఆ రాత్రి సమాధానం కోసం వెదుకుతూ ఉంటే నాకు ముందు జ్ఞాపకం వచ్చినది రామాయణం కాదు. 2014 ఏప్రిల్ నెల.

పదహారవ లోక్‌సభకు పోలింగు జరుగుతున్న రోజులవి. ఆ నెల రెండవ వారంలో పెంగ్విన్ సంస్థవారు ‘ది యాక్సిడెంటల్ ప్రైమ్ మినిస్టర్’ అనే ఆంగ్లగ్రంథాన్ని ప్రకటించారు. గ్రంథకర్త శ్రీ సంజయ బారు. ఆయన మన హైదరాబాదువారే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో చాలాకాలం ఆర్థిక, ప్రణాళికా కార్యదర్శిగా పేరు గడించిన శ్రీ బి.పి.ఆర్. విఠల్ గారి కుమారుడు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించి, పిదప పత్రికారంగంలో ప్రవేశించి, ‘ఫైనాన్షియల్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకులైనారు. 2004 మే నెలలో డాక్టర్ మన్మోహన్ సింగ్ ప్రధానమంత్రి పదవి స్వీకరించగానే ఆయనకు మాధ్యమ సలహాదారుగా నియమితులై, 2008 ఆగస్టు వరకు ఆ కొలువులో ఉన్నారు. అంటే, ప్రధాని ఏమనుకుంటున్నారో విలేఖరులు తెలుసుకోవలసివస్తే పోవలసిన గుమ్మం నాలుగేళ్లపాటు ఆయనదే.

అటువంటి మనిషి, కొలువు విడిచిన ఆరేళ్లకు, ఆ గుమ్మం వెనుక ఏమి జరిగిందో వ్రాశారు. ప్రధాని పీఠం ఒకచోట, అధికారం మరొకచోట ఉన్నదని వ్రాశారు. 2009లో గెలిచి వచ్చిన తర్వాత సైతం ఆర్థికమంత్రిగా తాను కోరుకున్న శ్రీ సి. రంగరాజన్ గారిని నియమించుకోవడం ప్రధానికి సాధ్యపడలేదని వ్రాశారు. ప్రధాని కార్యాలయపు ముఖ్యమైన దస్త్రాలు పార్టీ అధ్యక్షురాలి సలహాకోసం పోయేవని కూడ వ్రాశారు. అయితే పుస్తకమంతా నింద కాదు. అణు ఒప్పందం విషయంలో ప్రధాని చూపిన పట్టుదలను మెచ్చుకున్న పుటలు అందులో చాలా ఉన్నాయి. తాను ఎరిగిన మనిషి జనం నోట నవ్వులపాలు కావడం చూడలేక వ్రాస్తున్నానని కూడ గ్రంథకర్త చెప్పుకొన్నారు. ఆ పుటలు ఆ ఏప్రిల్ నెలలో ఎవరికీ అక్కరకు రాలేదు. పాలకపక్షానికి అవి చేదుగుళిక మీది బెల్లంపూత. ప్రతిపక్షానికి కేవలం అనవసరం.

ప్రధాని కార్యాలయం వెంటనే ఖండన వెలువరించింది. ఇది కల్పన అనీ, ఒక మాజీ సలహాదారు రంగుటద్దాల చూపు అనీ, ఉన్నతస్థానంలో లభించిన చనువును డబ్బుకోసం వాడుకోవడమనీ దాని సారాంశం. దస్త్రాల సంగతి పూర్తిగా నిరాధారమని ప్రత్యేకించి చెప్పింది. ప్రధాని కుమార్తె, చరిత్రకారిణిగా ప్రఖ్యాతి పొందిన శ్రీమతి ఉపిందర్ సింగ్, ఇది నమ్మకద్రోహమని బాధపడ్డారు. ప్రతిపక్షంవారు పుస్తకాన్ని ఎన్నికల వేదికలమీదికి ఎక్కించారు. అయిదేళ్లు గడిచాక 2019 జనవరిలో, మరొక లోక్‌సభ ఎన్నికల ముందు, అది హిందీ చలనచిత్రమై వచ్చింది. శ్రీ అనుపమ్ ఖేర్ ప్రధాని వేషం ధరించగా, శ్రీ అక్షయ్ ఖన్నా సంజయ బారు పాత్ర ధరించారు. మాజీ సలహాదారు తెరమీద కథానాయకుడంతటి వాడైనాడు! ఈ సందడిలో డాక్టర్ మన్మోహన్ సింగ్ మాత్రం పుస్తకానికి పుస్తకంతో బదులు చెప్పలేదు. సమకాలిక పత్రికలకంటె చరిత్ర తనను దయతో చూస్తుందని 2014 జనవరిలో విలేఖరులతో అన్న మాటనే నమ్ముకొని, 2024 డిసెంబరు 26న కన్నుమూశారు.

ఆనాటి చర్చలను నేను శ్రద్ధగా గమనించాను. టీ దుకాణంలో, బస్సులో, మా ఉపాధ్యాయుల గదిలో కూడ తిరిగి తిరిగి మూడు ప్రశ్నలే వినవచ్చాయి. ఉప్పు తిన్న ఇంటిని రచ్చకీడ్చవచ్చునా? అప్పుడు నోరు మూసుకొని ఇప్పుడెందుకు తెరిచాడు? దీనివల్ల ఆయనకేమి ముట్టింది? ఒకరు అణా పైసలతో సహా రాయల్టీ లెక్కకట్టారు. నాలుగవ ప్రశ్న ఒకటున్నది. చెప్పినది నిజమా, కాదా? దానిని కూడ కొందరు పత్రికారచయితలు పట్టించుకొన్నారు, లేదనను. కాని జనసామాన్యం దృష్టిలో అది ఎవరి పార్టీని బట్టి వారికి ముందే తేలిపోయిన విషయం. నచ్చినవారికి ప్రతి అక్షరం నిజం, నచ్చనివారికి ప్రతి అక్షరం కల్పన. దస్త్రాలు నిజంగా పోయేవా అన్నది మాత్రం సాక్ష్యాధారాలతో తేల్చవలసిన చిన్న ప్రశ్న. అంత పెద్ద దేశంలో అది తేలకుండానే చర్చ ముగిసిపోయింది.

ఈయన పేరు కూడ సంజయుడే కావడం కాకతాళీయం. భారతంలోని సంజయుడు ధృతరాష్ట్రుని నోరు. పాండవులు ఉపప్లావ్యంలో ఉండగా రాజుగారి పక్షాన రాయబారం వెళ్లినవాడు ఆయనే. రాజ్యం ఇస్తామనకుండా శాంతి మాత్రం కోరమని పంపితే, ఆ ఇబ్బందికరమైన మాటను వీలైనంత మర్యాదగా చెప్పి వచ్చాడు. వచ్చిన రాత్రే రాజు ముఖం మీద, తప్పు నీదేనని చెప్పి, ధర్మరాజు సందేశం రేపు సభలో వినిపిస్తానని ఇంటికి పోయాడు. రాజుకు నిద్ర పట్టలేదు, విదురుని పిలిపించుకొన్నాడు. యుద్ధం కథ చెబుతున్నప్పుడు సైతం సంజయుడు నడుమ నడుమ రాజును దెప్పుతూనే ఉంటాడు. ఇంత చేసినా ధృతరాష్ట్రుడు ఆయనను కొలువునుంచి తొలగించలేదు. మాట వినలేదు, అంతే. పోలికను ఇక్కడితో ఆపడం మంచిది. డాక్టర్ మన్మోహన్ సింగ్ ధృతరాష్ట్రుడు కారు. నేను చెప్పదలచినది ఒక్కటే. ఆ సంజయుడు కొలువులో ఉండగా రాజుతో అన్నాడు. ఈ సంజయులు కొలువు విడిచి జనంతో అన్నారు. “అప్పుడెందుకు చెప్పలేదు” అన్న ప్రశ్నకు బలం అంతా ఈ తేడాలోనే ఉన్నది.

ఆ ప్రశ్న ఎంత పదునైనదో, అది తిరిగివచ్చి అడిగినవారినే ఎలా కోస్తుందో చూడవలెనంటే అమెరికాకు పోవాలి. 2004 మార్చిలో, అధ్యక్షుడు బుష్ దగ్గర ఉగ్రవాద నిరోధక వ్యవహారాలు చూసిన రిచర్డ్ క్లార్క్ అనే అధికారి ఉద్యోగం విడిచిన తర్వాత, ప్రభుత్వం అల్ ఖైదా ముప్పును చులకన చేసిందని పుస్తకం వ్రాశాడు. అప్పుడు శ్వేతసౌధంలో పత్రికా కార్యదర్శి స్కాట్ మెక్లెల్లన్. ఆయన విలేఖరుల ముందు నిలబడి, ఇంత ఆందోళన ఉన్న మనిషి అప్పుడే ఎందుకు చెప్పలేదు, పదవి విడిచిన ఏడాదిన్నరకు, ఎన్నికల వేళ పుస్తకంతో ఎందుకు వచ్చాడు అని నిలదీశాడు. నాలుగేళ్లు గడిచాయి. 2008లో అదే మెక్లెల్లన్ తన పుస్తకంతో ముందుకు వచ్చాడు. ఇరాక్ యుద్ధానికి ప్రజల సమ్మతి కూడగట్టడంలో ప్రభుత్వం నిజాయితీగా వ్యవహరించలేదనీ, ఒక గూఢచారిణి పేరు బయటపెట్టిన వ్యవహారంలో ఇద్దరు పెద్దలకు సంబంధం లేదని తాను విలేఖరులతో అన్న మాట అబద్ధమనీ, అది అబద్ధమని అప్పుడు తనకు తెలియనీయలేదనీ వ్రాశాడు. ఆ ఇద్దరిలో ఒకడైన లిబ్బీ 2007లోనే న్యాయస్థానంలో దోషిగా తేలి ఉన్నాడు.

అప్పుడేమైనది? తాను క్లార్కును అడిగిన ప్రశ్ననే, ఇంచుమించు అవే మాటలలో, మెక్లెల్లన్‌ను అడిగారు. మేము ఎరిగిన స్కాట్ ఇతడు కాడని పాత సహచరులు విచారం వెలిబుచ్చారు. ఏదో అసంతృప్తితో వ్రాశాడని శ్వేతసౌధం తేల్చేసింది. బాబ్ డోల్ వంటి వృద్ధ నాయకుడు ఘాటైన లేఖ వ్రాశాడు. పోనీ, యుద్ధాన్ని వ్యతిరేకించినవారు చేరదీశారా? వారు మరింత కోపగించుకొన్నారు. యుద్ధానికి ముందు ఈ మాట చెప్పి ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో అన్నారు. పుస్తకం మాత్రం విరివిగా అమ్ముడుపోయింది. జూన్ నెలలో ఆయన ప్రతినిధుల సభ న్యాయసంఘం ముందు ప్రమాణం చేసి సాక్ష్యం కూడ చెప్పాడు. నా దృష్టిలో పుస్తకం కంటె ఆ సాక్ష్యమే ఎక్కువ విలువైనది. పుస్తకంలో ఎవరూ అడ్డుప్రశ్న వేయరు.

సకాలంలో చెప్పినవారు లేకపోలేదు. 1974 సెప్టెంబరు 8న అధ్యక్షుడు ఫోర్డ్, వాటర్‌గేట్ వ్యవహారంలో రాజీనామా చేసిన నిక్సన్‌కు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, ఆయన పత్రికా కార్యదర్శి జెరాల్డ్ టర్‌హార్స్ట్ ఆనాడే రాజీనామా ఇచ్చాడు. ఉద్యోగంలో చేరి నెల రోజులే అయినది. అటువంటి ఆలోచన లేదని తన చేత విలేఖరులకు చెప్పించారన్న బాధ కూడ ఆయనకున్నది. 1986లో, లిబియా విషయమై ప్రభుత్వం తప్పుడు సమాచారం వ్యాప్తి చేసిందన్న వార్తమీద విదేశాంగశాఖ ప్రతినిధి బెర్నార్డ్ కాల్బ్ తప్పుకొన్నాడు. 2024 ఏప్రిల్‌లో, గాజా విధానాన్ని సమర్థించి అరబ్బీలో మాట్లాడలేనని, పద్ధెనిమిదేళ్ల కొలువు వదలుకొని హాలా రారిట్ అనే ప్రతినిధి బయటికి వచ్చింది. వీరిని ఎవరూ “అప్పుడెందుకు చెప్పలేదు” అని అడగలేకపోయారు. కాని క్షమాభిక్ష రద్దు కాలేదు, విధానం మారలేదు. సకాలంలో చెప్పినవారిని గౌరవించి మరచిపోవడం, ఆలస్యంగా చెప్పినవారిని దూషించి చదవడం, ఇదేమి లోకరీతియో నాకు బోధపడదు.

మన దేశంలో మూడవ మార్గం కూడ ఒకటి ఉన్నది: అసలు చెప్పకపోవడం. శ్రీమతి ఇందిరాగాంధీకి ఏళ్ల తరబడి సమాచార సలహాదారుగా ఉన్న శ్రీ హెచ్.వై. శారదాప్రసాద్ గారు మైసూరు సంప్రదాయంలో పెరిగిన పండితులు, క్విట్ ఇండియా ఉద్యమంలో చెరసాలకు వెళ్లినవారు. జ్ఞాపకాలు వ్రాయవలసిందని అందరూ కోరేవారు. 2003లో ఆయన వ్యాససంపుటి ఒకటి వచ్చింది. దాని పేరుకు తెలుగు చేస్తే, ‘నేను వ్రాయబోని పుస్తకం, ఇతర వ్యాసాలు’ అని వస్తుంది! 2008లో ఆయన గతించారు. ఆయనను కృతఘ్నుడని ఎవరూ అనలేదు. ఆ మౌనంలోని సంస్కారానికి నేనూ నమస్కరిస్తాను. అయినా, 1975లో అత్యవసర పరిస్థితి ప్రకటించిన దినాలలో సైతం ఆ కార్యాలయంలో ఉన్న మనిషి ఆయన. ఆయన మర్యాదకు మూల్యం చెల్లించినది చరిత్ర చదువుకొనే మన పిల్లలు.

మన తెలుగులోనే మరొక నిదర్శనం ఉన్నది. శ్రీ పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు సమాచార సలహాదారుగా పనిచేసిన శ్రీ పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు, తిరుమల తిరుపతి దేవస్థానాల కార్యనిర్వహణాధికారిగా మనకందరికీ సుపరిచితులు, తాము చూసినదానిని ‘అసలేం జరిగిందంటే’ అనే పేరుతో తెలుగులో వ్రాశారు. ముఖ్యమంత్రుల, ప్రధానుల లోపలి గదుల ముచ్చట్లే అవి కూడ. దానిని ద్రోహమని ఎవరైనా అనగా నేను వినలేదు. జనం కథలాగా చదువుకొన్నారు. ఎన్నికలు లేవు, నొచ్చుకొనే ప్రభుత్వం లేదు, అందులోని చాలామంది అప్పటికి గతించినవారు. లోపలి మాట బయట చెప్పడం మనకు నేరంగా తోచేది ఆ మాటవల్ల ఎవరికైనా ఇప్పుడు నష్టం కలిగేటప్పుడే అన్నమాట. దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడ మనదే. విభజనానంతరం ఆంధ్రప్రదేశ్‌కు తొలి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన శ్రీ ఐ.వై.ఆర్. కృష్ణారావు 2018లో ‘ఎవరి రాజధాని అమరావతి?’ అని పుస్తకం వ్రాయగా, కుర్చీలో ఉన్ననాడు ఈ అభ్యంతరం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మొట్టమొదట లేచింది. రాజధాని మీద అభిప్రాయం ఏదైనా కావచ్చు; ప్రశ్న మాత్రం ఢిల్లీలో వినిపించినదే, శ్వేతసౌధంలో వినిపించినదే.

లోపలి అక్రమాన్ని బయటపెట్టేవారికి మన పత్రికలు ‘ప్రజావేగు’ అని పేరు పెట్టాయి. చక్కని మాటే. కాని వేగు అంటే గూఢచారి కూడ కదా! పేరులోనే అనుమానం ఒకటి అంటుకొని ఉన్నది. తెల్లవారడాన్ని కూడ మనవారు వేగడం అనే అంటారు. వేగుచుక్క అందులోనుంచి వచ్చింది. ఏ వేగును తలచుకొని పత్రికలవారు ఈ మాట కట్టారో కాని, జనం మాత్రం మొదటి అర్థాన్నే పట్టుకొన్నట్లున్నది. సంజయ బారు గారిని ఈ పేరుతో పిలవవచ్చునా అంటే, ఖచ్చితంగా చెబితే, పిలవరాదు. ఆయన ఏ నేరాన్నీ ఏ అధికారికీ ఫిర్యాదు చేయలేదు. తన జ్ఞాపకాలను అచ్చువేయించారు. అసలైన ప్రజావేగు ఎవరంటే, జాతీయ రహదారుల నిర్మాణంలో అవినీతిని గూర్చి 2002లో నేరుగా ప్రధాని కార్యాలయానికి వ్రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని వేడుకొన్న యువ ఇంజనీరు సత్యేంద్ర దూబే. పేరు గోప్యంగా నిలవలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చిచంపారు. దేశం అప్పుడు ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటులోనుంచి పదేళ్లకు ఒక చట్టం వచ్చింది. ప్రజావేగుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడినది 2014 మే 9న. అంటే బారు గారి పుస్తకం మీద రగడ చల్లారకముందే. పుస్తకం గురించి మాట్లాడినంతమందిలో పదోవంతు కూడ ఆ చట్టం గురించి మాట్లాడి ఉండరు. పేరు లేని ఫిర్యాదును అది స్వీకరించదు. జరిగిన ఏడేళ్లు దాటితే విచారించదు. అమలు తేదీని ప్రకటించే నోటిఫికేషన్ వెలువడక ఏళ్లు గడచిపోయాయి.

ఇక ఉప్పు సంగతి. లంకలో విభీషణుడు తిన్నది రావణుని ఉప్పు. కొలువు రాజుది, కోశం రాజుది. ప్రధాని మాధ్యమ సలహాదారు జీతం ఎవరిది? మా సుల్తాన్‌పూరు కిరాణా కొట్టులో ఉప్పు పొట్లం కొన్న కూలీమనిషి ఏదో ఒక రూపంలో కట్టిన పన్నులోనిది. కృతఘ్నత అన్న మాట వాడదలచినవారు, కృతజ్ఞత ఎవరికి చెల్లవలసి ఉన్నదో ముందు తేల్చుకోవలసి ఉంటుంది. ఒక మనిషి తనను నమ్మి దగ్గరకు తీసినప్పుడు ఆ చనువులో విన్న మాటలను అచ్చువేయడం వేరు. ఆ విషయంలో ఉపిందర్ సింగ్ గారి బాధ నాకు అర్థమవుతుంది, తండ్రి గదిలోని మాట బజారుకెక్కితే ఏ కూతురికైనా నొప్పే. రాజ్యాంగం ఒకరికిచ్చిన అధికారాన్ని మరొకరు చలాయిస్తున్నారన్నది అటువంటి మాట కాదు. అది ఇంటిగుట్టు కాదు, ఊరిగుట్టు. బారు గారి పుస్తకంలో ఈ రెండు రకాల మాటలూ కలగలిసి ఉన్నందువల్లనే తగవు అంత చిక్కుపడింది.

ప్రభుత్వాల సంగతి అటుంచి, మా ప్రాంతపు సంగతికి వస్తాను. పటాన్‌చెరు పరిసరాలలో నక్కవాగు నీళ్లు చెడిపోయాయని 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైనది. రోగులకు మందులిస్తూ ఆ రోగాల మూలం నీళ్లలో ఉన్నదని గుర్తించిన డాక్టర్ ఎ. కిషన్‌రావు గారు దశాబ్దాలపాటు పోరాడారు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరులోని సామూహిక శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో కంటె శుద్ధి చేసిన మురుగునీటిలో మందు ఎక్కువగా ఉన్నదన్నమాట! వైద్యుడు బయటివాడు, స్వీడన్‌వారు మరీ బయటివారు. ఏ గొట్టంలో ఏది పారుతున్నదో తెలుసుకోవడానికి లోపలివారికి ఏ పరీక్షా అక్కరలేదు, రోజూ చూసేవారే. కాని వారికి పెళ్లాం పిల్లలున్నారు, నెల జీతమున్నది, సంతకం చేసిన కాగితమున్నది.

మందుల పరిశ్రమలో లోపలినుంచి నోరు విప్పినవాడు దినేశ్ ఠాకూర్. ఉస్మానియాలో రసాయన ఇంజనీరింగు చదివినవాడు కనుక ఆయనమీద మనకూ కొంత హక్కున్నది. రాన్‌బాక్సీ సంస్థ తన మందుల పరీక్షాఫలితాలను కల్పించి చూపుతున్నదని పసికట్టి, పై అధికారులకు చెప్పి, ఫలితం లేక 2005లో ఉద్యోగం విడిచి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు తెలిపాడు. 2013 మే నెలలో ఆ సంస్థ అమెరికాలో నేరం అంగీకరించి 50 కోట్ల డాలర్లు చెల్లించింది. అందులో చట్టప్రకారం సుమారు 4.8 కోట్ల డాలర్లు ఠాకూర్‌కు ముట్టాయి. ఇక్కడ చాలామందికి గుర్తున్నది ఆ చివరి అంకె ఒక్కటే. డబ్బుకోసం దేశపు పరిశ్రమను విదేశీయులకు పట్టించాడన్నారు. ఆ మాత్రలు మింగినవారు ఎవరు, వారికేమైనది అన్న ప్రశ్న ఎంతమంది వేశారో చెప్పలేను. పై అధికారులకు చెప్పాడు, సకాలంలో చెప్పాడు, ఆధారాలతో చెప్పాడు; “అప్పుడెందుకు చెప్పలేదు” అనడానికి వీలులేకపోయేసరికి మూడవ ప్రశ్న ముందుకు వచ్చింది.

మరునాడు తరగతికి యుద్ధకాండ తీసుకొని వెళ్లాను. విభీషణుడు నలుగురు అనుచరులతో ఆకాశంలో నిలిచి శరణు కోరినప్పుడు, సముద్రపుటొడ్డున జరిగిన చర్చను వాల్మీకి విడువకుండా వ్రాశాడు. అన్నతో సభలో ముఖాముఖి చెప్పి, నిందలు పడి వచ్చినవాడాయన. ఒడ్డున ఉన్నవారికి ఆ సంగతి తానే చెప్పుకొన్నా, వారికి నమ్మకం కుదరలేదు. శత్రువు తమ్ముడు, చంపివేయవలెనన్నాడు సుగ్రీవుడు. ఆపదలో అన్నను విడిచినవాడు రేపు ఎవరిని విడువడు అని కూడ అన్నాడు. అన్నను చంపించి రాజ్యమేలుతున్న సుగ్రీవుడే ఆ మాట అనడం వాల్మీకి చమత్కారం. గుణదోషాలు తూచి చూడాలన్నాడు అంగదుడు. వేగువారిని పంపమన్నాడు శరభుడు. రాకూడని చోటికి, రాకూడని వేళ వచ్చాడు, అనుమానించవలసిందే అన్నాడు జాంబవంతుడు. “అప్పుడెందుకు రాలేదు” అన్న మన ప్రశ్నకు ఆదిపురుషుడు ఆ వృద్ధుడే. మెల్లగా ప్రశ్నించి తెలుసుకొందామన్నాడు మైందుడు. చివరకు హనుమంతుడు లేచాడు. ఆయన విభీషణుడు నిస్స్వార్థపరుడని వాదించలేదు! రాజ్యంమీద ఆశతోనే వచ్చి ఉంటాడని ఒప్పుకొన్నాడు. వాలిని చంపి సుగ్రీవునికి పట్టం కట్టిన సంగతి విని, ఆలోచించుకొనే వచ్చాడన్నాడు. అయినా మాటలో, ముఖంలో కపటం కనబడలేదు. రావణుని దుర్మార్గం చూసిన తర్వాత రావడానికి ఇదే తగిన వేళ అని జాంబవంతునికి బదులు చెప్పాడు.

పిల్లలచేత ఆ చర్చను వేషాలు లేకుండా చదివించాను. హనుమంతుడుగా ఉంటామని పదిమంది చేతులెత్తారు. విభీషణుడుగా ఉండడానికి మొదట ఎవరూ లేవలేదు. వెనుక వరుసలోని ఆ బాలికే లేచింది. జాంబవంతుని పాత్ర దొరికిన కుర్రవాడు పుస్తకంలోని ప్రశ్న అడిగి ఊరుకోక, “మరి సీతమ్మను తెచ్చిన్నాడే నువ్వెందుకు రాలే?” అని సొంతంగా ఒకటి జోడించాడు. తరగతి గొల్లున నవ్వింది. పుస్తకంలో ఆ ప్రశ్నకు విభీషణుడు చెప్పిన సమాధానం లేదు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “ఆరోజు మా అన్న నా మాట వింటడనుకున్న” అన్నది.